భాష రాని పిల్లవాడు, చదువు రాని పిల్లవాడు

తరగతిలో ఒక పిల్లవాడు మాట్లాడడు. ప్రశ్న అడిగితే తల వంచుకుంటాడు. పుస్తకం తెరవమంటే పక్కవాడు ఏ పుట తెరచినాడో చూచి తానూ అదే పుట తెరుస్తాడు. నాలుగు నెలలు గడచినా ఇదే తీరు. అక్కడ బోధించే భాష ఇతనికి ఇంకా పట్టుబడలేదా, లేక ఏ భాషలోనైనా సరే నేర్చుకోవడంలోనే ఏదో చిక్కు ఉన్నదా? ఉపాధ్యాయుని ముందు నిలిచే ప్రశ్నలలో ఇంతకంటె కఠినమైనవి అరుదు. మొదటిదే కారణమైతే కావలసినది భాషాబోధన, కొంత ఓర్పు. రెండవదైతే ఓర్పు పట్టడమే అపకారం. వేచి ఉన్న ప్రతి సంవత్సరమూ ఆ పిల్లవాని లెక్కలోనుంచే పోతుంది. రెండు కారణాలూ ఒకే పిల్లవానిలో కలసి ఉండడమూ కద్దు.

అంతర్జాతీయ పాఠశాలలకు ఈ ప్రశ్న పుట్టుకతోనే వచ్చినది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి నానాజాతిసమితి జెనీవాలో నెలకొన్న తరువాత, ఆ సమితిలోనూ అంతర్జాతీయ కార్మిక సంస్థలోనూ ఉద్యోగాలకు వచ్చినవారి పిల్లలకోసం 1924లో అక్కడ ఒక పాఠశాల వెలసినది. అదే సంవత్సరం జపానులోని యోకోహామా రేవుపట్టణంలో విదేశీయుల పిల్లలకు మరొకటి ఏర్పడినది. 1968లో జెనీవాలోనే ఇంటర్నేషనల్ బాకలారియేట్ అనే సంస్థ పుట్టి, ఒక దేశంలో చదివిన చదువు మరొక దేశపు విశ్వవిద్యాలయంలో చెల్లుబాటయ్యే పరీక్ష ఒకటి సమకూర్చినది. ఈనాడు ఇటువంటి పాఠశాలలు ప్రపంచమంతటా వేల సంఖ్యలో ఉన్నవి. హైదరాబాదు శివార్లలోనూ ఉన్నవి. వాటిలో కొన్నిటి అంతర్జాతీయత బోర్డు మీది అక్షరాలకే పరిమితమన్నది వేరే సంగతి. పూర్వం ఈ బడులలో రాయబారుల పిల్లలు, కంపెనీ అధికారుల పిల్లలు ఎక్కువగా ఉండేవారు. ఇప్పుడు ఆయా దేశాలవారి పిల్లలే పెక్కుమంది. బోధన చాలాచోట్ల ఇంగ్లీషులో సాగుతుంది. ఇంటిలో మాట్లాడే భాష మాత్రం కొరియనో, అరబ్బీయో, చైనీయమో, తెలుగో అయి ఉంటుంది.

ఈ పాఠశాలలలో సహాయానికి రెండు విభాగాలు ఉండడం పరిపాటి. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవారికి ఒకటి. చదవడంలో, వ్రాయడంలో, లెక్కలలో, ఏకాగ్రతలో ఇబ్బంది పడేవారికి మరొకటి. గదులు వేరు, ఉపాధ్యాయులు వేరు, దస్త్రాలు వేరు. మాట్లాడని పిల్లవాడు ఏ గదికి పోవాలి? మొదటి గదివారు, "ఇతనిది భాష కాదు, ఇంకేదో ఉన్నది" అంటారు. రెండవ గదివారు, "ఇంగ్లీషు రానిదే పరీక్షించేదెట్లా? ముందు భాష రానివ్వండి" అంటారు. ఇద్దరి మాటలోనూ సత్యం కొంత ఉన్నది. ఆ సంవాదం ముగిసే లోపల పిల్లవాడు పైతరగతికి పోతాడు.

మొదటి రకం పొరపాటు, అంటే భాష రాకపోవడాన్ని బుద్ధిలోపంగా భావించడం, ఎంతదూరం పోగలదో తెలియాలంటే అంతర్జాతీయ పాఠశాలలను కొంతసేపు విడిచి కాలిఫోర్నియా ప్రభుత్వ పాఠశాలల వైపు చూడాలి. అక్కడ సోలెడాడ్ అనే ఊరిలో మెక్సికో సంతతికి చెందిన తొమ్మిదిమంది పిల్లలను బుద్ధిమాంద్యం గలవారికి ఏర్పరచిన తరగతులలో కూర్చోబెట్టినారు. వారి ఇంటి భాష స్పానిష్. బుద్ధిపరీక్ష జరిపినది ఇంగ్లీషులో. తల్లిదండ్రులు న్యాయస్థానానికి ఎక్కినారు. డయానా అనే పేరుతో నడచిన ఆ వ్యాజ్యం 1970లో రాజీ ఒప్పందంతో ముగిసినది. రెండు భాషలూ తెలిసిన పరీక్షకుడు ఆ పిల్లలను మళ్లీ పరీక్షించేటప్పటికి, వారి బుద్ధిలబ్ధి సగటున పదిహేను అంకెలు పెరిగినది. తొమ్మిదిమందిలో అత్యధికులు ఆ తరగతులలో ఉండవలసినవారే కారని తేలినది. పిల్లలలో ఏ మార్పూ రాలేదు. మారినదల్లా ప్రశ్న అడిగిన భాష. ఇక మీదట ఇంటి భాషలోనూ పరీక్షించాలని ఒప్పందంలో వ్రాసుకున్నారు. 1975లో అమెరికా దేశమంతటికీ వచ్చిన వికలాంగ బాలల విద్యాచట్టంలోనూ ఈ నియమం చేరినది.

ఇంగ్లండులో ఇదే కథ ఇంకొక వేషంలో నడచినది. వెస్టిండీస్ దీవులనుంచి వలసవచ్చిన కుటుంబాల పిల్లలు లండనులోని మందబుద్ధుల పాఠశాలలలో వారి జనసంఖ్యతో పోల్చితే మితిమీరి కనిపించేవారు. గ్రెనడా దేశానికి చెందిన బెర్నార్డ్ కోర్డ్, అటువంటి పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసినవాడు, 1971లో ఈ అన్యాయాన్ని బయటపెడుతూ ఒక చిన్న పుస్తకం ప్రచురించినాడు. ఆ పిల్లలు మాట్లాడేది ఇంగ్లీషుకు దగ్గరి బంధువైన క్రియోల్ భాష. వేరే భాష అయితే వేరే భాష అని గుర్తించేవారేమో. దగ్గరిది కావడం చేత అది చెడిపోయిన ఇంగ్లీషుగా, మాట్లాడేవారు తెలివి తక్కువవారుగా కనిపించినారు. మాండలికం మాట్లాడే పిల్లవానిని చూచి పెదవి విరిచే ఉపాధ్యాయులు ఏ దేశంలో లేరు? పది సంవత్సరాల తరువాత, 1981లో, బ్రిటిష్ పార్లమెంటు చేసిన విద్యాచట్టంలో ఒక వాక్యం చేర్చినారు: ఇంటిలో మాట్లాడే భాష బోధనభాషకంటె వేరయినంత మాత్రాన పిల్లవానికి అభ్యసనలోపం ఉన్నదని భావించరాదన్నది దాని సారాంశం. ఇంగ్లండుకు 2014లో వచ్చిన చట్టంలోనూ ఆ నియమం అట్లాగే నిలిచి ఉన్నది.

ఇటువంటి చట్టాల వలన మేలు జరిగినది. అయితే భయపడిన మనిషి ఒక గోతిని తప్పించుకోబోయి రెండవదానిలో పడడం సహజం. "భాష వేరైన పిల్లవానికి లోపం అంటగట్టరాదు" అన్న నియమం కొన్నిచోట్ల "భాష వేరైన పిల్లవానిలో లోపం వెదకనే రాదు" అన్న అర్థానికి జారినది. ఇంగ్లండులోనూ అమెరికాలోనూ జరిగిన పరిశోధనలను బట్టి, వినికిడి, బుద్ధి బాగానే ఉండి కూడా భాషను గ్రహించడంలోనే పుట్టుకతో ఇబ్బంది ఉన్న పిల్లలు నూటికి ఏడుగురి వరకు ఉంటారు. అంటే ఇరవై అయిదుమంది ఉన్న తరగతిలో ఒకరో ఇద్దరో. రెండు భాషల ఇంట పుట్టడం ఆ ఇబ్బందిని తెచ్చిపెట్టదు. అట్లాగే దానినుంచి కాపాడనూ లేదు. కనుక ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునే పిల్లలలోనూ అటువంటివారు ఆ పాళ్లలోనే ఉండి తీరాలి. వారికి, "భాష వచ్చిన తరువాత చూద్దాం" అన్న మాటే అన్నిటికంటె ప్రమాదకరమైన తీర్పు.

భాష వచ్చినదని చెప్పడం ఎప్పుడు? ఇక్కడ ఐర్లండులో పుట్టి కెనడాలోని టొరాంటోలో స్థిరపడిన జిమ్ కమ్మిన్స్ అనే విద్వాంసుడు 1979లో చూపిన భేదం ఉపాధ్యాయులకు ఎంతో ఉపకరించినది. ఆటస్థలంలో స్నేహితులతో మాట్లాడే భాష ఒకటి, పాఠ్యపుస్తకంలో బాష్పీభవనాన్ని గురించి చదివి సొంత మాటలలో వ్రాయవలసిన భాష ఇంకొకటి అని ఆయన వాదం. మొదటిది సుమారు రెండేళ్లలో పట్టుబడుతుంది. చుట్టూ ఉన్న వస్తువులు, ముఖకవళికలు, చేతి సైగలు దానికి సాయం వస్తవి. రెండవదానిలో తోటి పిల్లలను అందుకోవడానికి అయిదు మొదలు ఏడు సంవత్సరాలు పడుతుంది. తోటివారు ఆగి వేచి ఉండరు గదా. వారూ ఏటికేడు ముందుకు పోతూనే ఉంటారు. కెనడాలో మానసిక పరీక్షకు పంపబడిన నాలుగు వందలకు పైగా వలస పిల్లల దస్త్రాలను కమ్మిన్స్ పరిశీలించినాడు. పిల్లవాడు గలగలా మాట్లాడుతున్నాడు గనుక ఇక ఇంగ్లీషు చిక్కు లేదని ఉపాధ్యాయులూ పరీక్షకులూ అనుకోవడం, పరీక్షలో మార్కులు తక్కువ రాగానే లోపం బుద్ధిలోనే ఉన్నదని వ్రాయడం వాటిలో మళ్లీ మళ్లీ కనిపించినది. మాట్లాడని పిల్లవాడే కాదు, ధారాళంగా మాట్లాడే పిల్లవాడూ మోసపోవడానికి చోటిస్తాడన్నమాట.

అసలు మౌనాన్ని గురించి ఒక మాట. కొత్త భాష నడుమ పడిన చిన్నపిల్లలు కొన్ని వారాలు, ఒక్కొక్కసారి కొన్ని నెలలు, పెదవి విప్పకపోవడం సాధారణం. వారు వింటూ ఉంటారు. అటువంటి మౌనాన్ని బెదరించి భేదించబోవడం అనాలోచితం. కాని ఆ పిల్లవాడు ఇంటికి పోయి తల్లితో ఏ విధంగా మాట్లాడుతున్నాడో విచారించకపోవడం అంతకంటె అనాలోచితం.

ఈ విచారణలోనే సమస్యకు తాళంచెవి ఉన్నది. భాష చాలకపోవడం వలన కలిగే ఇబ్బంది కొత్త భాషకే పరిమితమై ఉంటుంది. ఇంటి భాషలో ఆ పిల్లవాడు కథ చెబుతాడు, తగవులాడుతాడు, అబద్ధాలు కూడా కమ్మగా అల్లుతాడు. సహజమైన భాషాలోపం అట్లా కాదు, అది రెండు భాషలలోనూ అడుగుజాడలు వదలుతుంది. మాటలు ఎప్పుడు వచ్చినవి? అన్నకు, అక్కకు వచ్చినంత త్వరగానే వచ్చినవా? రెండు పనులు ఒకేసారి చెబితే రెండూ చేస్తాడా? నిన్న జరిగినదాన్ని వరుసగా చెప్పగలడా? వస్తువు పేరు గుర్తుకు రాక "అది, అది" అని చేయి చూపుతాడా? కుటుంబంలో మరెవరికైనా చదవడం కష్టంగా ఉండినదా? వీటికి సమాధానం చెప్పగలిగినది తల్లి, లేక పిల్లవానిని ఎత్తుకు పెంచిన అమ్మమ్మ. వీటన్నిటికంటె ముందు చెవులు, కళ్లు పరీక్ష చేయించాలి. ఇది ఎంత స్పష్టమైన సంగతో, అంత తరచుగా మరచిపోయే సంగతి.

ఇంగ్లీషులో దొర్లే తప్పులు కూడా, చూడనేర్చినవారికి, ఏదో ఒక ఇంటి చిరునామా చెబుతవి. చైనీయ భాషలో ఆతడు, ఆమె అన్న రెండిటికీ పలుకుబడిలో ఒకే మాట ఉన్నది. కనుక ఆ పిల్లవాడు ఇంగ్లీషులో అమ్మను "హీ" అంటే ఆశ్చర్యపడనక్కరలేదు. అరబ్బీ వ్రాతలో హ్రస్వాచ్చులను సాధారణంగా వ్రాయరు. ఆ అలవాటుతో వచ్చిన పిల్లవాడు ఇంగ్లీషు మాటలలో అచ్చులను మింగివేస్తాడు. జపాను పిల్లవానికి రేఫ లకారాల భేదం చెవికి అందదు. తెలుగు పిల్లవాడు "వెస్ట్" అన్నప్పుడు పడమటి దిక్కు అంటున్నాడో లోపలి చొక్కా అంటున్నాడో తెలియదు. ఆ రెండు మాటల మొదటి హల్లులూ తెలుగులో ఒకే వకారంలో కలసిపోయినవి. ఇంగ్లీషులో నామవాచకాల ముందు వచ్చే "ఎ", "ద" లకు తెలుగులో జోడు లేదు గనుక అవి ఎగిరిపోతవి. వీటిలో ఏదీ రోగలక్షణం కాదు. పాఠశాలలో పది భాషల పిల్లలు ఉంటే ఆ పది భాషలూ ఉపాధ్యాయుడు నేర్వనక్కరలేదు. ఒక్కొక్క భాషను గురించి ఇటువంటి అరపుట సమాచారం చేతిలో ఉంటే చాలును.

ఇంగ్లీషు పరీక్షను తెలుగులోకో కొరియన్‌లోకో అనువదించి వాడితే సరిపోదా అని ఎవరికైనా తోస్తుంది. సరిపోదు. పిల్లల ధ్వనిజ్ఞానాన్ని పరీక్షించడానికి ఇంగ్లీషులో "క్యాట్", "హ్యాట్" అన్న మాటలు ఇచ్చి ప్రాస కలిసినదా అని అడుగుతారు. తెలుగులో అవి పిల్లి, టోపీ అవుతవి, ప్రశ్నే చచ్చిపోతుంది. పైగా ఒక భాషలో సులువైన మాట మరొక భాషలో కఠినమై ఉండవచ్చును. అందుచేత వివేకం గల పాఠశాలలు పరీక్షతోపాటు మరొక మార్గాన్నీ అవలంబిస్తున్నవి. ఇజ్రాయెలులో 1950 తరువాతి సంవత్సరాలలో, మొరాకో మొదలైన దేశాలనుంచి వలసవచ్చిన పిల్లలు బుద్ధిపరీక్షలలో వెనుకబడడం చూచి, రూవెన్ ఫాయర్‌స్టైన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆ పరీక్షనే తిరగవేసినాడు. ముందు పరీక్షించడం, తరువాత ఆ విషయాన్నే కొంతసేపు బోధించడం, మళ్లీ పరీక్షించడం. పిల్లవానికి ఇప్పటికే ఏమి తెలుసునన్న దానికంటె, చెబితే ఎంత త్వరగా అందుకుంటాడన్నది అక్కడ తేలుతుంది. భాష ఒక్కటే అడ్డమైన పిల్లవాడు సాధారణంగా ఇట్టే అల్లుకుపోతాడు. లోపం ఉన్నవానికి అదే బోధన పదిసార్లు కావాలి.

చదవడం విషయంలో లిపి కూడా చిత్రమైన పాత్ర వహిస్తుంది. ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులకు జపానులో పుట్టి, అక్కడి బడిలో చదివిన ఒక బాలుని ఉదంతాన్ని టాయెకో వైడెల్, బ్రయన్ బటర్‌వర్త్ అనే శాస్త్రజ్ఞులు 1999లో ప్రచురించినారు. పదహారేళ్ల ప్రాయంలో అతడు జపాను భాషను అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులతో సమానంగా చదివేవాడు. తన ఇంటి భాష అయిన ఇంగ్లీషును చదవడంలో మాత్రం డిస్లెక్సియా అనే పఠనవైకల్యం అతనిని పీడించినది. ఒకే మెదడు, రెండు లిపులు, రెండు ఫలితాలు! జపాను వ్రాతలో ఒక గుర్తు ఒక పూర్తి అక్షరాన్నో, ఒక పూర్తి మాటనో తెలుపుతుంది. ఇంగ్లీషులో పలుకును అంతకంటె సూక్ష్మమైన ధ్వనులుగా విడగొట్టుకోవాలి. పైగా వ్రాసినది ఒకటి, పలికేది ఒకటి. ఆ విడగొట్టడమే ఆ బాలునికి చేతకాలేదని వారి వివరణ.

ఈ ఉదంతం తెలుగు ఉపాధ్యాయులకు అక్కరకు వస్తుంది. తెలుగు లిపిలో వ్రాసినది వ్రాసినట్లే చదువుతారు గనుక, పఠనవైకల్యం ఉన్న పిల్లవాడు కూడా తప్పులు తక్కువగా చదవగలడు. అతనిని పట్టి ఇచ్చేది వేగం. అయిదవ తరగతిలోనూ ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ, వాక్యం చివరకు వచ్చేసరికి మొదలు మరచిపోయే పిల్లవానిని, "తప్పులు లేవు గదా" అని వదలిపెట్టరాదు. అయితే తొందరపడనూ కూడదు. గుణింతాలూ వత్తులూ కలసి ఈ లిపిలో గుర్తులు వందలకు చేరుతవి. తెలుగు లిపికి తోబుట్టువైన కన్నడ లిపిని పిల్లలు నేర్చే తీరును పరిశోధించిన సోనాలి నాగ్, అక్షరాలన్నీ పట్టుబడడానికి నాలుగవ తరగతి దాకా కూడా పడుతుందని 2007లో చూపినారు. కొన్ని నెలలలో వర్ణమాల ముగిసిపోయే ఇంగ్లీషు కొలతబద్దతో ఈ పిల్లలను కొలవడం తగదు.

ఇక తల్లిదండ్రులకు దొరికే సలహా సంగతి. పిల్లవాడు వెనుకబడినాడని తెలియగానే, "ఇంట్లో మీ భాష మానివేయండి, ఇంగ్లీషే మాట్లాడండి" అని చెప్పే ఉపాధ్యాయులూ వైద్యులూ ఈనాటికీ ఉన్నారు. దయతోనే చెబుతారు, ఒక భాషే బరువైనప్పుడు రెండెందుకని వారి ఊహ. పరిశోధన ఈ ఊహను సమర్థించలేదు. కెనడాలో జొహాన్ పరాదిస్, ఆమె సహచరులు 2003లో ప్రచురించిన పరిశీలనలో, ఫ్రెంచి ఇంగ్లీషు రెండూ మాట్లాడే భాషాలోపం గల పిల్లలు, అదే లోపంతో ఒకే భాష మాట్లాడే పిల్లలకంటె ఏ భాషలోనూ వెనుకబడి లేరు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లలను గురించి ఎలిజబెత్ కే-రైనింగ్ బర్డ్, ఆమె బృందం 2005లో తెలిపినదీ ఇటువంటిదే. భాష మానివేయడం వలన పోయేది మాత్రం చాలా ఉన్నది. తల్లి తనకు అంతంతమాత్రంగా వచ్చిన ఇంగ్లీషులో బిడ్డను బుజ్జగించవలసి వస్తుంది. తాతతో మాట తెగిపోతుంది. మాట్లాడడమే కష్టమైన పిల్లవానికి, తనతో ధారాళంగా మాట్లాడగలిగిన నలుగురూ దూరమవుతారు. ఇంటి భాష అనే ఆధారమే పోయిన తరువాత, లోపం ఏదో భాషకొరత ఏదో తేల్చడానికి కొలబద్ద కూడా మిగలదు.

డబ్బు ప్రస్తావన లేకుండా ఈ విషయం పూర్తికాదు. అంతర్జాతీయ పాఠశాలలు చాలావరకు ప్రైవేటు సంస్థలు. విదేశాలలో బ్రిటిష్ పాఠ్యప్రణాళిక బోధించే పాఠశాలను 1981 నాటి చట్టం గాని, అమెరికా ప్రణాళిక బోధించేదానిని 1975 నాటి చట్టం గాని నిర్బంధించదు. ప్రత్యేక సహాయానికి అదనపు రుసుము వసూలు చేసే పాఠశాలలున్నవి. ప్రవేశపరీక్షలోనే అటువంటి పిల్లలను మర్యాదగా తిప్పిపంపేవీ ఉన్నవి. ఆ భయంతో తల్లిదండ్రులు పాత వైద్యపత్రాలను దాచిపెడతారు. దాచినది ఉపాధ్యాయునికి తెలియక మొదటి సంవత్సరం వ్యర్థమవుతుంది. ఇందులో తల్లిదండ్రులను తప్పుపట్టడం సులువు, న్యాయం కాదు. కొన్ని ప్రభుత్వాలు ఈ స్థితిని మార్చబూనినవి. తెలుగు కుటుంబాలు ఎన్నో నివసించే దుబాయిలో ప్రైవేటు పాఠశాలలే అత్యధికం. వైకల్యం కారణంగా పిల్లలను నిరాకరించరాదని అక్కడ 2017లో సమ్మిళిత విద్యా విధానాన్ని ప్రకటించినారు. భారతదేశంలో 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క వైకల్యాలను పేర్కొంటూ, వాటిలో నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను కూడా చేర్చినది. తెలుగు జిల్లాలలో ఇంటి భాష ఒకటి, బడి భాష ఇంగ్లీషు అయిన సామాన్యపు పాఠశాలలు ఊరూరా ఉన్నవి గనుక, జెనీవాలో తలెత్తిన ప్రశ్న అక్కడి ఉపాధ్యాయులకూ తప్పదు.

భారతీయ భాషలలో సరైన పరీక్షలు చాలాకాలం కరవై ఉండినవి. ఢిల్లీ సమీపంలో మానేసర్‌లో ఉన్న జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రంవారు హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు భాషలలో పఠనవైకల్యాన్ని గుర్తించే డాలి అనే సాధనాన్ని ఆయా లిపులకు తగినట్లుగా రూపొందించినారు. ఇంగ్లీషు పరీక్షకు అనువాదం కాకపోవడమే దాని విశేషం. అటువంటి సాధనం అందుబాటులో లేనిచోట, దుబాయిలోనో సింగపూరులోనో ఉన్న ఇంగ్లీషు ఉపాధ్యాయిని చేయగలిగిన పని ఒకటి ఉన్నది. పిల్లవానికి ఒక బొమ్మలకథ చూపించి, దానిని ఇంటి భాషలో తల్లికి చెప్పమనాలి. తల్లి వింటుంది, ఉపాధ్యాయిని చూస్తూ ఉంటుంది. కథ ఎంతసేపు నడచినది, ఎక్కడెక్కడ ఆగినది, ఈ వయసులో అన్నగారు ఇంతకంటె బాగా చెప్పేవాడా అని తల్లిని అడిగి వ్రాసుకోవాలి. ఆ పని అరగంటలో ముగుస్తుంది. ఆ కాగితాన్ని రెండు విభాగాలవారూ ఒకే దస్త్రంలో ఉంచుకోవాలి.